జాబులో ఉన్నది ఉన్నట్టు

9 జూన్ 1955, గురువారం

ఈ రోజు నుంచి రాసుకోక తప్పదు. మా ఇంట్లో నా మాటను ఎవరూ నమ్మడం లేదు. నేను ఎప్పుడు ఏమన్నానో ఒక చోట ఉండాలి. వాళ్లకు చూపించడానికి కాదు, వాళ్లలో ఎవరికీ అక్షరం రాదు. నాకే కావాలి. ఇంటర్ చరిత్ర నోట్సులో మిగిలిన కాగితాలు ఇందుకు సరిపోతాయి.

నిన్న రెండు కవర్లు వచ్చాయి. ఒకటి తిరుపతి నుంచి, ఒకటి వాల్తేరు నుంచి. రెండు యూనివర్సిటీల్లోనూ నాకు సీటు ఇచ్చారు. మా దూదేకుల వీధిలో ఇంతవరకు మగపిల్లవాడికి కూడా ఇలాంటి కవరు రాలేదు. నాయన వసారాలో పరుపుకు దూది ఏకుతున్నాడు. నేను పక్కన నిలబడి రెండూ చదివి వినిపించాను. ఏకే విల్లు పక్కన పెట్టి, మీసాల మీద దూది తుడుచుకోకుండా, చివరిదాకా విన్నాడు. తరువాత చెయ్యి చాచాడు.

"ఇట్లియ్యి."

"ఏంటికి నాయనా? సదివినాను గదా?"

"మిల్లు రెడ్డితో సదివించుకుంటా."

అమ్మ గడపలో కూర్చుని పరుపు గలీబు కుడుతోంది. సూది ఆగలేదు, తల ఎత్తలేదు. నాయన రెండు కవర్లనూ మడిచి రుమాలులో కట్టుకున్నాడు.

పదో ఏట నుంచి ఈ వీధి జాబులన్నీ చదివింది నేను. చావు జాబులు, పెళ్లి జాబులు, కోర్టు కాగితాలు. నేను కడప కాలేజీకి పోయాక కూడా, సెలవుకు వచ్చేదాకా జాబులు ఇనుప కమ్మికి గుచ్చి నా కోసం ఉంచేవాళ్లు. ఇప్పుడు నా రెండు జాబులు చదవడానికి ఇంకొకడు కావాలి.

జూలై ఆరో తేదీలోపల ఏదో ఒకదానికి సమ్మతి పత్రం చేరాలి. దాని మీద తండ్రి సంతకం ఉండాలి. అంటే నాయన వేలిముద్ర.

10 జూన్

మొన్న నేను చదివింది తప్పు కాదు.

11 జూన్, శనివారం

మా స్కూలు హెడ్‌మిస్ట్రెస్ ఇందిరమ్మ గారి ఇంటికి వెళ్లాను. ఆమెది బెజవాడ వైపు. ఏడేళ్లుగా ప్రొద్దుటూరులో ఉంటూ ఈ ఊరి నీళ్లను, ఎండను, మాటను తిడుతూనే ఉన్నారు. అయినా కడప దాకా నన్ను చదివించింది ఆమే.

"వాల్తేరే. ఇందులో ఆలోచించడానికి ఏముందమ్మా?" అన్నారు.

"ఏం చదవాలో నాకింకా తేలలేదు టీచర్. తిరుపతిలో చరిత్ర అని రాసి పంపినారు. వాల్తేరులో మూడు శాఖల పేర్లు రాసి, వచ్చి ఒకటి చెప్పమన్నారు."

"అందుకే వాల్తేరు అంటున్నాను. ఏం కావాలో తెలియనివాళ్లకు పెద్ద చోటు కావాలి. నాలుగు గదుల్లోకి తొంగి చూడొచ్చు. తిరుపతిది నిన్న పుట్టిన యూనివర్సిటీ. అక్కడ నువ్వు తుమ్మితే రిజిస్ట్రారుకి వినపడుతుంది."

నాకు నవ్వు వచ్చింది. ఆమె వెంటనే అన్నారు: "అయితే ఆ మాట కాస్త మార్చుకోవాలమ్మా. 'పంపినారు' ఏమిటి? నలుగురూ నవ్వుతారు. మెల్లగా, ముద్దుగా మాట్లాడటం నేర్చుకో."

ముద్దుగా! ఆమె పెట్టిన మజ్జిగ తాగకుండా వచ్చేశాను. తరువాత దారిలో దాహం వేసింది.

13 జూన్, సోమవారం

ఆదినారాయణ రెడ్డికి పత్తి చేలు, జిన్నింగు మిల్లు ఉన్నాయి. మా ఇంటికి వచ్చే దూది ఆయన మిల్లుదే. నన్ను కూడా మిల్లుకు రమ్మన్నాడట. పత్తి బోరాల మధ్య కుర్చీ వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, రెండు జాబులనూ ఒక్కొక్క మాటే నాయనకు చదివి చెప్పాడు. తెలుగులోకి మార్చి చెప్పడంలో ఎక్కడా తడబడలేదు. తప్పు పట్టాలని చెవి ఒగ్గి విన్నాను. దొరకలేదు.

తిరుపతి జాబులో రెండో పేజీకి వచ్చాడు.

"ఆడపిల్లలకు ఒక ఇల్లు బాడుగకు తీసుకున్నారంట జమాలూ. పెద్దామె ఒకామె కాపలా ఉంటాదంట. భోజనం ఆడనే."

నాయన నా వైపు చూడలేదు. "ఈ పాప అట్ల సదవలేదే. ఆడోళ్లకు ఉండేదానికి చోటు లేదనింది."

"లేదా?" రెడ్డి కళ్లజోడు మీదుగా నన్ను చూశాడు. "ఏం మే, ఈ పక్క సదవలేదా? తిప్పడం మర్చిపోయినావా?"

మిల్లులో ఇద్దరు హమాలీలు నవ్వారు.

"నన్నడిగితే తిరుపతే," అన్నాడు రెడ్డి. "మన సీమకని కొట్లాడి తెచ్చుకున్న యూనివర్సిటీ అది. దాన్ని ఇడిసిపెట్టి సర్కారు జిల్లాలోళ్ల కాడికి యేంటికి? పైగా యేం సదవాల్నో తెలీదంటాండావు. తెలీనోళ్లను తీసకపోయి పెద్ద సంతలో ఇడిసిపెడితే తప్పిపోతారు. చిన్న తావయితే ఎవురో ఒకరు చెయ్యి పట్టుకుని, పాపా ఇట్ల పో, అంటారు."

ఇందిరమ్మ గారు చెప్పిందీ ఇదే మాట, తలకిందులుగా. ఇద్దరికీ నా మీద అంత నమ్మకం.

14 జూన్

అబద్ధం చెప్పలేదు. ఒక వాక్యం చదవలేదు, అంతే. చదివి ఉంటే నాయన అక్కడికక్కడే తిరుపతికి వేలు పెట్టేసేవాడు. నాకు ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలి. వ్యవధి కోసం చేసిన దాన్ని అబద్ధం అనరు.

'చోటు లేదు' అన్నానా? అన్నట్టు గుర్తు లేదు.

15 జూన్

అన్నాను.

16 జూన్, గురువారం

పక్కింటి సుబ్బరత్నమ్మ కొడుకు దగ్గర నుంచి కార్డు వచ్చింది. దాన్ని కొంగులో పెట్టుకుని మా గడప దాటి, నా ముఖం చూస్తూనే, వీధి చివర కిరాణా అంగడికి పోయి చదివించుకుంది. తొమ్మిదేళ్లు ఆమె జాబులు చదివాను. కొడుకు తిట్టి రాసిన రోజున ఆ తిట్లు చదివి వినిపించలేదు. ఆ మేలు ఆమెకు తెలియదు.

మధ్యాహ్నం నాయన అక్క కార్డుల మాట ఎత్తాడు. అది ఇక్కడ రాయకూడదు అనుకున్నాను. రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

మా అక్క ఖాజాబీని జమ్మలమడుగులో ఇచ్చాము. జనవరిలో తొలి కానుపు. తొలి కానుపుకు తండ్రి పోయి కూతుర్ని పిలుచుకుని రావాలి. ఆ రోజు అత్తగారు వంట చేసి, వియ్యంకుడికి పెట్టి, కోడలిని పంపుతుంది. ఎవరి ఇంట్లోనైనా ఇంతే. ఏ శుక్రవారం వచ్చి పిలుచుకుని పోవాలో చెప్తూ అక్క రెండు కార్డులు రాయించింది. నేను కడపలో ఉన్నాను కాబట్టి రెండూ కమ్మికి గుచ్చి ఉన్నాయి. నేను వచ్చేసరికి మొదటి కార్డులోని శుక్రవారం దాటిపోయింది. అది నా తప్పు కాదు. రెండో కార్డులో ఇంకో శుక్రవారం రాయించింది. ఆ శుక్రవారానికి ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి.

నేను ఇలా చదివాను: "క్షేమం. కానుపు ఈడనే చేస్తామని మా అత్త అంటాంది. మీరు రావద్దు."

మార్చిలో పరీక్షలు. అక్క ఇంటికి వస్తే అమ్మ ఒక్కతే చూసుకోలేదు. నన్ను కడప నుంచి పిలిపించేవాళ్లు. పిలిపించి ఉంటే ఈ రెండు కవర్లు వచ్చేవి కావు. ఇది ఎవరికి చెప్పినా అర్థం కాదు.

వాళ్లు ఆ శుక్రవారం వంట చేసి ఎదురు చూశారు. ఎవరూ పోలేదు. ఆడపిల్ల పుట్టింది, బాగానే ఉంది. ఈ రంజానుకు నాయన జమ్మలమడుగు పోయేదాకా ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. తిరిగి వచ్చి కమ్మి మీది కార్డులు రెండూ తీసి రెడ్డితో చదివించాడు. నన్ను కొట్టలేదు. నెల నుంచి నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

ఈ రోజు మాట్లాడాడు.

"తిరుపతో వాల్తేరో, నేను చెప్పను. నువ్వూ చెప్పొద్దు. మీ యక్క చెప్తాది. అది యేది చెప్తే దానికి యేలు పెడతా. యేదీ వద్దంటే అదీ సరే."

"అక్కకు వాల్తేరు యాడుందో తెలుసునా?"

"కానుపుకు పిల్చకపోకుంటే యెట్లుంటాదో తెలుసు. ఆ మాత్రం తెలుసుంటే సాలు."

అమ్మ సూది కొరుకుతూ, "సదువుకున్నది గదా, మనకన్నా బాగా తెలుసునేమోలే," అంది. నా వైపు చూసి కాదు, గలీబు వైపు చూసి.

19 జూన్, ఆదివారం

నాయన, నేను జమ్మలమడుగు పోయి వచ్చాము. బస్సులో గంట సేపు పక్కపక్కనే కూర్చున్నాము. పెన్నలో నీళ్లు లేవని ఒక మాట అన్నాడు. లేవన్నాను.

అక్క అత్త అఖ్తర్ బీ మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టింది.

"రండి జమాలన్నా. ఆ శుక్రారం కోడిని కోసినాం. మీరు రాలేదు, వీధోళ్లంతా తిని మీకు దువా చేసినారు."

నాయన చెప్పులు విడవకుండా నిలబడి ఉన్నాడు. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"నువ్వేనా సదువుల పాపవు? ఆ గోడ మీద యేం రాసుండాదో సదువు, సూద్దాం."

"ఏమీ లేదు."

"ఏమీ లేదా? నిజంగానే లేదా, నువ్వు సదవలేదా?"

లోపల నుంచి ఎవరో నవ్వారు. అక్క నవ్వు అది. గుర్తు పట్టాను. ఎనిమిది నెలలయింది విని.

అక్క పాపను భుజాన వేసుకుని బయటికి వచ్చింది. చిక్కిపోలేదు. చిక్కిపోయి ఉంటుందని ఎందుకో అనుకున్నాను. నేను చేతులు చాచాను. పాపను ఇంకో భుజానికి మార్చుకుంది.

నాయన సంగతి చెప్పాడు. రెండు ఊళ్లు, రెండు సీట్లు, ఏది చెప్తే అది. అక్క నిలబడే విన్నది. తరువాత నన్ను అడిగింది. నాతో మాట్లాడిన మొదటి మాట.

"రెండింటికీ తేడా యేంది?"

"తిరుపతిది చిన్నది. కొత్తది. వాల్తేరుది పెద్దది. శానా మంది."

"దూరం?"

"తిరుపతికి ఎర్రగుంట్లలో రైలెక్కితే ఒక పూట. వాల్తేరుకు రెండు దినాలు."

"ఆడికి పోయి యేం సదువుతావు?"

"ఇంకా తెలీదు."

"తెలీదా!" అఖ్తర్ బీ చేతులు చరిచింది. "యేం సదవాల్నో తెలీకుండా రెండు దినాలు రైల్లో పోతాదంట. మా యెనుము కూడా యాడ మెయ్యాల్నో తెలిసే పోతాది."

"నువ్వుండత్తా," అంది అక్క. ఒక్క క్షణం నా తరఫున మాట్లాడిందనుకున్నాను. "నేనిప్పుడు చెప్పను. జమీరన్నతో కార్డు రాపిస్తా. మాబున్నీ, దాన్ని నువ్వే సదవాల. నాయన ముందర, అమ్మ ముందర. రెడ్డి గిడ్డి వద్దు. నువ్వే."

"నేను ఏం చదివానో నీకెట్ల తెలుస్తాది? నువ్వు ఈడ ఉంటావు గదా?"

"తెలుస్తాదిలే. నీకు తెలుస్తాది గదా, సాలు."

జమీరు బజారులో టైలరు. ఆ ఊరి ఆడవాళ్లంతా అతని మిషను పక్కన కూర్చుని జాబులు చెప్పి రాయిస్తారు. అతను నాలా కాదట. చెప్పింది చెప్పినట్టు, దగ్గినా రాస్తాడని అక్క అంది.

బయలుదేరేటప్పుడు అఖ్తర్ బీ నీళ్లు తెచ్చింది. నాయన తాగలేదు. "బిడ్డను పిల్చకపోయేదానికయితే వస్తా. దీని సదువు పంచాయితీకి మళ్లా ఈ గడప తొక్కను," అన్నాడు.

అక్క లోపలికి తిరిగింది. పాప నన్నే చూస్తోంది. ముక్కు మాది.

20 జూన్

అందరి ముందు నన్ను పరీక్ష పెట్టి కూర్చోబెట్టింది. నేను అయితే అలా చేసేదాన్ని కాదు.

22 జూన్, బుధవారం

కార్డు రాలేదు.

రెండు సమ్మతి పత్రాలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. 'కోరుకొను శాఖ' అన్న చోట రెండింటిలోనూ ఖాళీ. చరిత్ర అంటే ఇష్టమని మాస్టర్లు అంటారు. మార్కులు వచ్చాయి కాబట్టి అంటారు. ఇష్టమో కాదో నాకు తెలియదు. ఇంతవరకు చదివిందంతా ఈ ఇంట్లో నుంచి బయటపడటానికి చదివాను. ఎటు పోవాలని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

తిరుపతిలో ఆడపిల్లలు పదిమంది ఉంటారేమో. అందులో కడప జిల్లావాళ్లు ఒకరైనా ఉంటారు. వారంలో నా సంగతి అందరికీ తెలుస్తుంది. కానుపు కార్డు మార్చిన పిల్ల అంటారు. వాల్తేరులో ఎవరికీ తెలియదు. అక్కడ నేను ఒక హాజరు నంబరు. అక్కడ ఎవరి జాబులూ చదవనక్కర లేదు, అందరికీ చదువు వచ్చు.

పెద్ద చోటు కావాలన్నది ఇందుకేనా? కాదు. మూడు శాఖలు ఉన్నాయని కావాలి.

ఇంకో సంగతి కూడా రాస్తాను. వేలిముద్ర ఎవరిదో ఎవరు చూస్తారు? వాల్తేరులో నాయన బొటనవేలు గుర్తుపట్టేవాళ్లు లేరు. సిరా బుడ్డిలో నా వేలు ముంచి ఈ పేజీ చివర వేసి చూశాను. నున్నగా, చిన్నగా పడింది. నాయన వేలు విల్లు లాగి లాగి అరిగిపోయింది, ఆయన ముద్రలో గీతలే ఉండవు. అయినా ఎవరు చూస్తారు?

పత్రం మీద వేయలేదు. వేయలేదని నాకు గొప్పగా ఏమీ లేదు. అమ్మ నీళ్లకు పిలిచింది, లేచి పోయాను.

25 జూన్, శనివారం

కార్డు వచ్చింది.

పోస్టుమాను నా చేతికి ఇవ్వబోయాడు. నాయన మధ్యలో అందుకుని, అమ్మను పిలిచి కూర్చోబెట్టి, అప్పుడు నాకిచ్చాడు. ముందు నాలో నేను చదువుకుంటానేమోనని, "బయటికి. మొదట్నించి. ఆగకుండా," అన్నాడు.

ఆగకుండా చదివాను. ఇక్కడ మక్కీకి మక్కీ దింపుతున్నాను.

"నాయనకు, అమ్మకు ఖాజాబీ సలాములు. ఈడ అందరం క్షేమం. పాప బోర్లా పడతాంది. మాబున్నిని వాల్తేరుకు పంపేయండి. తిరుపతి అయితే పండగ పండక్కీ వచ్చి కూర్చుంటాది. వాల్తేరు అయితే ఊరికే రాలేదు. అది ఎంత దూరం పోతే నాకు అంత నిమ్మళం. అది ఆ ఇంట్లో లేకుంటే నేను పాపను ఎత్తుకుని వస్తా. ఈ జాబు చదివేటప్పుడు అది ఏడిస్తే నమ్మొద్దండి. ఇట్లు ఖాజాబీ. రాసినవాడు జమీర్."

నేను ఏడవలేదు. గొంతు కూడా మారలేదు. ఒక్క అక్షరం వదలలేదు. ఇన్నేళ్లలో ఈ వీధిలో నేను ఇంత సరిగా చదివిన జాబు ఇంకొకటి లేదు.

నాయన "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

"వాల్తేరనే రాసిందా?"

"వాల్తేరనే రాసింది."

కార్డు తీసుకుని ముందూ వెనకా తిప్పి చూశాడు. "నీగ్గావాల్సిందే రాసిందే మీ యక్క."

"నాయనా, ఇన్ని తిట్లుండాయి. నన్ను నేను తిట్టుకుని చదువుతానా?"

"తెలివైనదానివి. నమ్మించేదానికి తిట్లు గూడా కల్పిస్తావు."

అమ్మ కళ్లు తుడుచుకుంది. పాప బోర్లా పడుతోందన్న మాటకు. "ఆ ముక్కన్నా నిజమేనా మే?" అని అడిగింది.

నా జన్మలో ఎవరినీ ఇంతగా అసహ్యించుకోలేదు. ఇద్దరినీ.

రెడ్డి ఊళ్లో లేడు. పులివెందులలో కూతురి ఇంట్లో ఉన్నాడు, జూలై ఏడో తేదీ దాకా రాడు. ఆరో తేదీకి గడువు అయిపోతుంది. ఇందిరమ్మ గారిని పిలవనా అన్నాను. "ఆయమ్మ వాల్తేరు మనిషి. ఆమె నీ మాదిరే సదువుతాది," అన్నాడు. కిరాణా అంగట్లో చదివిస్తే ఇంటి గుట్టు వీధిలో పడుతుందన్నాడు. చివరకు ఆయనే తేల్చాడు: "వచ్చే శనారం జమీరు గుడ్డ కొనేదానికి ఈడికి వస్తాడు. ఎప్పుడూ మన వసారాలోనే గదా మూటలు దించేది. రాసినోడు ఆయప్పే. ఆయప్ప నోట వింటా. అప్పుడు యేలు పెడతా."

26 జూన్, ఆదివారం

వారం ఆగితే చాలు. జమీరు వస్తాడు, వాల్తేరు అంటాడు, నాయన నోరు మూతపడుతుంది. నేను నిజమే చదివానని ఈ ఇంట్లో ఒప్పుకోక తప్పదు. తలుచుకుంటేనే హాయిగా ఉంది.

పొద్దున నుంచి కుదురు లేదు.

నిన్న 'వాల్తేరుకు పంపేయండి' అన్న చోటికి వచ్చినప్పుడు నాకు ఏమయిందో నిన్న రాయలేదు. సంతోషం వేసింది. తిట్టు తిట్టుకూ సంతోషం వేసింది. గొంతు మారకుండా చదివానని గొప్పగా రాశాను గాని, ఆ సంతోషం బయటపడుతుందేమోనని గొంతు బిగపట్టి చదివాను. పద్దెనిమిది రోజులుగా ఎటూ తేలనిది ఆ ఒక్క మాటతో తేలిపోయింది. నాకు కావలసింది వాల్తేరు. శాఖ ఏదో ఇప్పటికీ తెలియదు. ఊరు తెలిసింది.

అక్క నన్ను శిక్షించాననుకుంటోంది. జమ్మలమడుగులో తృప్తిగా కూర్చుని ఉంటుంది. అది నాకు నచ్చడం లేదు. నన్ను తరిమేశానని అది సంతోషపడటమూ నచ్చడం లేదు, మోసపోతున్నానని దానికి తెలియకపోవడమూ నచ్చడం లేదు. ఇందులో ఏది మొదటిదో అడగవద్దు. చెప్పకుండా ఊరుకుంటే మాత్రం, రెండో పేజీ తిప్పనట్టే.

చెప్తే అది తిరుపతి అంటుంది. నాకు కావాలని తెలిశాక ఎందుకు ఇస్తుంది? నేనయితే ఇవ్వను.

27 జూన్, సోమవారం

రాసి పోస్టు చేశాను. సన్నటి అక్షరాలతో కార్డు మీద, కవరులో కాదు. జమీరు అంగట్లో చదువుతాడు, మిషను పక్కన కూర్చున్నవాళ్లంతా వింటారు. విననీ. పోస్టు చేశాక పెట్టె మూతి పట్టుకుని లాగి చూశాను. కార్డు ఎప్పుడో అడుగుకు పడిపోయింది. దాని నకలు:

"అక్కా,

నీ కార్డు ఉన్నది ఉన్నట్టు చదివినాను. నాయన నమ్మలేదు. శనివారం జమీరన్న నోట విని వేలు పెడతానన్నాడు. ఇదంతా జమీరన్న నీకు గట్టిగానే చదవాల, ఎవరుంటే వాళ్ల ముందర.

జనవరిలో నీ రెండో కార్డు బాగా తెలిసే మార్చి చదివినాను. పరీక్షలు పోతాయని. నాయనకు, అమ్మకు ఏమీ తెలియదు, వాళ్లను అనవద్దని మీ అత్తకు చెప్పు. నన్ను ఎంతయినా అనమను. నేను క్షమించమని అడగడం లేదు. అడిగినా నమ్మవు, ఏడిస్తే నమ్మొద్దని నువ్వే రాయించినావు.

నువ్వు నన్ను వాల్తేరుకు పంపేయమన్నావు. నేను ఏడుస్తానని అనుకున్నావు. నాకు సంతోషం వేసింది. నాకు కావలసింది వాల్తేరే. నువ్వు చెప్పేదాకా నాకు కూడా తెలియదు. నాకు నష్టం అనుకుని నువ్వు నాకు మేలు చేస్తాండావు. ఇది నీకు తెలియకుండా ఆ సీటు తీసుకుంటే, ఇంకో కార్డు మార్చినట్టే అవుతుంది. అందుకని రాస్తాండా. నీ మీద ప్రేమతో కాదు. నాకూ నీ మీద కోపం ఉంది, అది ఎందుకని అడిగితే చెప్పేదానికి సరిపడా కారణం లేదు.

మార్చుకుంటే మార్చుకో. తిరుపతి అంటే తిరుపతికే పోతా. యాడికీ వద్దంటే దూది దగ్గర కూర్చుంటా. వాల్తేరే అన్నా సరే. ఏదైనా ఇప్పుడు తెలిసి చెప్పు.

జవాబు జాబులో వద్దు. జమీరన్న జూలై 2, శనివారం గుడ్డకు ఇక్కడికి వస్తాడు గదా. ఆయన బయలుదేరేలోపల ఊరి పేరు ఆయనకు చెప్పు. ఆయన నాయనకు చెప్తాడు. నేను పక్కనే ఉంటా, నోరు తెరవను. శనివారం దాటితే గడువులోగా కాగితం చేరదు. శనివారం లోపల చెప్పు.

మాబున్ని"